గుండ్రంగా రాని పూలచక్రం

మా అత్తతో కలిసి ఏ పని మొదలుపెట్టినా చివరికి తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది. పోయినవాళ్ళ గురించి ఇట్లా రాయకూడదంటారు. ఆమె ఉండి ఉంటే మాత్రం ఒప్పుకునేది, పైగా గర్వపడేది కూడా.

అత్త అంటే మా నాన్నకు అక్క. పదకొండో ఏట పెళ్ళయింది, పధ్నాలుగో ఏట భర్త పోయాడు. అప్పటినుంచీ ఆదోనిలో మా ఇంట్లోనే ఉంది. నాకు పదమూడేళ్ళు నిండేసరికి ఆమెకు ముప్పై అయిదు. నాకు తలంటి పోసేదీ ఆమే, జడ వేసేదీ ఆమే, జడ వేస్తూ కదిలానని వీపు మీద ఒకటి వేసేదీ ఆమే. మా అమ్మ దగ్గరకంటే ఆమె దగ్గరే నాకు చనువు. ఎంత చనువో అంత చిరాకు.

రైల్వే క్వార్టర్సులో ఒక గుమాస్తాగారి భార్య ఉండేది. అత్త నాలుగేళ్ళపాటు మధ్యాహ్నాలు ఆమె దగ్గరికి పోయి కుట్లు నేర్చుకుంది. గొలుసుకుట్టు, కాడకుట్టు, ముడికుట్టు, అన్నిటికంటే ఎక్కువగా క్రాసుకుట్టు. ఆ కుటుంబం గుంతకల్లుకు బదిలీ అయి పోతూ, ఎమ్మిగనూరులో ఆడపిల్లల బడికి కుట్టుపని నేర్పే పంతులమ్మ కావాలంటున్నారని ఒక మాట చెప్పి పోయింది. అత్తకు చదువు రాదు. నన్ను కూర్చోబెట్టి ఉత్తరం రాయించింది. "ఇట్ల రాయి, అట్ల కాదు, అది కొట్టెయ్" అంటూ నాలుగు కార్డులు పాడు చేయించింది.

జవాబుగా ఒక గళ్ళ కాగితం వచ్చింది. గళ్ళలో చిన్నచిన్న గుర్తులతో వసంతకాలపు పూలచక్రం ఒకటి అచ్చువేసి ఉంది. దాని ప్రకారం క్రాసుకుట్టులో కుట్టి, మూడు నెలల్లోగా స్వయంగా తీసుకురావాలని పెద్దపంతులమ్మ రాసింది. చక్రం సరిగ్గా గుండ్రంగా రావాలట. లెక్క తప్పిందీ లేనిదీ తను దాన్నిబట్టే చూస్తుందట. పని నచ్చితే ఉద్యోగం, బడి ఆవరణలోనే ఒక గది.

అత్తకు కావలసింది ఆ గది. మా ఇంట్లో ఆమెకు ఎవరూ అన్నం తక్కువ పెట్టలేదు. కానీ ఇరవై ఏళ్ళుగా ఈ రోజు ఏం కూర వండాలని ఆమెను ఎవరూ అడగలేదు కూడా. "నా పొయ్యి, నా కుండ. నాకు తినాలనిపిస్తే వంకాయ వండుకుంటా, లేకుంటే పస్తుంటా" అనేది. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో నాకే లెక్క లేదు.

ఇంట్లో అడగాలి కదా. నాన్న పత్తి మండీకి పోతూ, చెప్పులు తొడుక్కుంటూ, "అమ్మ సరే అంటే నాదేముండాది అక్కా" అన్నాడు. జేజిని, అంటే నాన్న తల్లిని అడిగితే, "వాడు సరే అంటే కాదననీకె నేనెవురు?" అంది. అత్త మళ్ళీ నాన్న దగ్గరికి పోయింది, మళ్ళీ జేజి దగ్గరికి వచ్చింది. వారం రోజులు ఇదే తంతు. కోమట్ల ఇంటి ఆడది జీతానికి పోవచ్చన్న మాట ఎవరి నోటినుంచీ రాకూడదు, పోవద్దన్న పాపమూ ఎవరికీ అంటకూడదు. నాకైతే ఇద్దర్నీ ఒక గదిలో పెట్టి గొళ్ళెం వేయాలనిపించింది. చివరికి ఎవరూ సరే అనలేదు, ఎవరూ వద్దనలేదు. "వద్దనలేదంటే సరే అన్నట్లే" అని అత్త తనే తీర్మానించుకుంది. జేజి మాత్రం "ఆలూ లేదు సూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అని రోజుకొకసారి గోడకు చెప్పేది.

క్రాసుకుట్టుకు పోగులు లెక్కపెట్టడానికి వీలైన గుడ్డ కావాలి. మాటీ గుడ్డ అనేవాళ్ళు. అవి యుద్ధం రోజులు. బజారులో అడిగితే, "కట్టుకునే గుడ్డకే దిక్కు లేదు, మాటీ గుడ్డ యాడినుంచి తెస్తానమ్మా" అన్నాడు అంగడాయన. ఎమ్మిగనూరులో మగ్గాలున్నాయి కదా, అక్కడే నేయిద్దామని అత్తకు తోచింది. పెట్రోలు లేక బొగ్గుతో నడిపే బస్సు. ఎక్కడ పడితే అక్కడ ఆగిపోయేది. ఆమెకు తోడు నేను. ముప్పై అయిదేళ్ళ మనిషికి పదమూడేళ్ళ పిల్ల తోడు! భర్త పోయిన ఆడది ఒంటరిగా బస్సెక్కితే తప్పు, పక్కన నేనుంటే తప్పు కాదు. నేను ఏ ఆపదను ఎట్లా ఆపగలనో ఇప్పటికీ నాకు తెలియదు.

నేతాయన పెద్దవాడు. గుంతలో కాళ్ళు పెట్టుకుని మగ్గం మీద కూర్చునే మా మాట విన్నాడు.

"అన్నా, అంగుళానికి ఇరవై పోగులు ఉండల్ల. ఒగటి ఎక్కువ కాగూడదు, ఒగటి తక్కువ కాగూడదు" అంది అత్త.

"ఇరవై అంటే ఇరవయ్యేనమ్మా. నా లెక్క యానాడూ తప్పలేదు" అన్నాడు ఆయన.

పది రోజుల తర్వాత పోతే మూరెడు గుడ్డ చేతిలో పెట్టాడు. తెల్లగా, గట్టిగా, చూడ ముచ్చటగా ఉంది. అత్త అక్కడే నిలబడి ఈ పక్కనుంచి ఆ పక్కకు పోగులు లెక్కపెట్టింది. అంగుళానికి ఇరవై. ఇంకోచోట లెక్కపెట్టింది. అక్కడా ఇరవయ్యే. సంతోషంగా ఇంటికి వచ్చాం. పైనుంచి కిందికి కూడా లెక్కపెట్టాలని ఇద్దరు మొద్దులకూ తట్టలేదు.

కుట్టడం అత్త పని, చదవడం నా పని. కాగితంలో అటు నూరు గళ్ళు, ఇటు నూరు గళ్ళు. ఒక్కో గుర్తుకు ఒక్కో రంగు. "మూడు ఎరుపు, రెండు ఖాళీ, నాలుగు పచ్చ" అని నేను చదువుతుంటే, ఆమె రెండేసి పోగుల మీద ఒక్కో ఇంటూ గుర్తు కుట్టుకుంటూ పోయేది. బడినుంచి రాగానే మొదలు. ఆకలేస్తుందంటే "ఈ వరస కానీ" అనేది. వరస అయ్యాక ఇంకో వరస.

మూడో రోజే ఒక ఆకు మొత్తం పసుపు రంగులో కుట్టేసింది. ఇదేమిటంటే, "నువ్వే గదే పచ్చ అంటివి" అంది.

"పచ్చ అంటే ఆకుపచ్చ అత్తా!"

"పసుపు గూడా పచ్చే గదా. పసుపుపచ్చ అనరా? నోరు తెరిచి పూర్తిగా సెప్పనీకె నీకేం నొప్పి?"

ఆకు ఎక్కడన్నా పసుపుగా ఉంటుందా అని నేను, ఎండితే ఉంటుందని ఆమె. ఆ ఆకు విప్పడానికి ఒక సాయంత్రం పోయింది. అప్పటినుంచి ప్రతి గడికీ "ఆకుపచ్చ", "పసుపుపచ్చ" అని పూర్తిగా చదవాల్సి వచ్చి నా గొంతు ఎండిపోయేది.

ఆ పూల పేర్లు కింద ఇంగ్లీషులో ఉన్నాయి. కూడబలుక్కుని చదివినా అవేమిటో నాకు తెలియలేదు. అత్త గిన్నెపువ్వు, గంటపువ్వు, కుచ్చుపువ్వు అని పేర్లు పెట్టుకుంది. ఇవన్నీ దొరల దేశంలో వసంతకాలంలో పూస్తాయట అంటే, "మన ఈడ పూసేది ఏపపువ్వొకటి, దుమ్మొకటి" అంది. దుమ్మే కాదు, అది జిన్నుల్లో పత్తి గింజలు తీసే కాలం. గాలి వస్తే చాలు దూది నుసి ఇంట్లోకి ఎగిరొచ్చేది. తెల్లగుడ్డ మీద వాలి ఎరుపు దారంలో ఇరుక్కునేది. నేను సూదిమొనతో ఆ నుసి ఏరాలి. సూది పట్టుకునేముందు అత్త ప్రతిసారీ చేతులు కడుక్కునేది. బావిలో నీళ్ళు అడుగంటిన రోజులు కాబట్టి దానికి జేజి గొణుగుడు వేరే. "పువ్వుకొక సెంబు నీళ్ళు. నిజం పూలచెట్టుకు గూడా ఇన్ని పొయ్యరు."

నెల రోజులకు చక్రం నాలుగు వైపులా అంచులు పడి, మూడు పాళ్ళు పూర్తయింది. ఒకరోజు అత్త స్నానానికి పోయినప్పుడు ఊరికే జాన పెట్టి కొలిచాను. అడ్డం జానెడు మీద నాలుగు వేళ్ళు వచ్చింది. నిలువు జానెడు మీద ఒక్క వేలే వచ్చింది. మళ్ళీ కొలిచాను. అంతే. కాగితంలో అటూ ఇటూ నూరే కదా, గుడ్డ మీద మాత్రం చక్రం అణిగిపోయి ఉంది.

చెప్పాలి. వెంటనే చెప్పాలి. చెప్పలేదు. గుండ్రంగా రాకపోతే ఉద్యోగం రాదు, ఉద్యోగం రాకపోతే అత్త ఎక్కడికీ పోదు. నాకు తోచింది అంతే. ఆమెతో పగలంతా పోట్లాడేదాన్ని, ఆమె లేని ఇంట్లో ఒక్క పూట ఉండటం నా వల్ల కాదు. అందుకని నోరు మూసుకుని "రెండు ఎరుపు, ఒకటి ఖాళీ" అని చదువుతూనే ఉన్నాను. పది రోజులు చదివాను. తప్పని తెలిసిన పని మీద ఆమె పది రోజులు కళ్ళు పోగొట్టుకుంది.

బయటపెట్టింది జేజి. చివరి పువ్వు పూర్తయిన రోజు గుడ్డను ఎత్తి పట్టుకుని చూసి, "ఏందే ఇది, సుట్టకుదురు మీద బిందె పెట్టి తొక్కినట్లుండాది" అంది. నెత్తిన బిందె కింద పెట్టుకునే చుట్టకుదురు! మా అమ్మ నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది. అత్త వంటింట్లోంచి కంచం తెచ్చి చక్రం మీద బోర్లించింది. రెండు పక్కలా పూలు బయటికి కనిపించాయి, పైనా కిందా మునిగిపోయాయి. ఆమె కంచాన్ని అటు తిప్పి ఇటు తిప్పి మళ్ళీ బోర్లించి చూసింది. ఇంక ఇరవై అయిదు రోజులే గడువు.

మరునాడే మళ్ళీ బొగ్గు బస్సు, మళ్ళీ నేను తోడు. నేతాయన ముందు గుడ్డ పరిచి, ఇదేం లెక్క అని అడిగింది అత్త.

"ఇరవై అంటివి, ఇరవై పోసినా. పడుగు లెక్కపెట్టుకో" అన్నాడు. పడుగంటే మగ్గానికి నిలువునా పోసే పోగులు.

"మల్ల పేక?" అంది అత్త. పేకంటే అడ్డంగా నేసేవి.

"పేకకు లెక్కేందమ్మా? లెక్క పడుగుకే. పేక సేతి వాటం." ఆయనకు మా కోపం ఎందుకో కొంచెం కూడా అర్థం కాలేదు. "కోమట్ల ఇంటికి పోయే గుడ్డ. పలచగా నేస్తే మాట వస్తాదని గట్టిగా కొట్టినా. ఇరవై కాదు, ఇరవైయైదు పడింటాది. నీకు ఎక్కువే ఇచ్చినా గాని తక్కువ ఇయ్యలేదు."

మెచ్చుకుంటుందేమోనని ఆమె ముఖం వైపు చూశాడు కూడా. ఏమంటాం? అత్త గుడ్డ మడిచి చంకన పెట్టుకుని, "మంచిదన్నా" అని బయటికి వచ్చింది.

తిరుగు బస్సులో వేళ్ళు మడుస్తూ లెక్కలు వేసింది. "ఈ పక్క ఇరవై, ఆ పక్క ఇరవైయైదు. నాలుగుకు అయిదు. అంటే రెండుకు రెండున్నర. అర పోగు యాడినుంచి తేవల్ల?" బస్సు ఆగింది, మళ్ళీ కదిలింది, ఆమె మాత్రం రెండున్నర దగ్గరే ఉంది. "రెండున్నర, రెండున్నర" అని నా చెవి దగ్గర ఒకటే గోల.

"ఒక వరసకు రెండు పోగులు తీసుకో, ఇంకో వరసకు మూడు తీసుకో. సగటున రెండున్నరే కదా!" అని విసుక్కున్నాను.

అన్నాక నాలుక కరుచుకున్నాను. బడిలో లెక్క చెప్పమంటే ఒక్కనాడూ సరిగా చెప్పని నాకు ఆ రోజే ఎందుకు తట్టాలి? అత్త నన్ను దగ్గరికి లాక్కుని, బస్సులో అందరూ చూస్తుండగా నా నెత్తిన ముద్దు పెట్టింది. నాకు ఏడుపొకటే తక్కువ.

ఇక విప్పడం. రంగు దారాలు దొరికే రోజులు కావు, కత్తిరించడానికి లేదు. ఒక్కో కుట్టూ సూదితో ఎత్తి, దారం తెగకుండా లాగి, మైనం రాసి, ఉండగా చుట్టాలి. అత్త ఒక పక్క, నేను ఒక పక్క కూర్చున్నాం. రెండో రోజుకు నా వేళ్ళు వాచాయి. నేను ఒక దారం తెంపినప్పుడల్లా ఆమె "సూసుకోని లాగు" అనేది. ఐదోసారో ఆరోసారో అనేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది.

"నాకు ముందే తెలుసు! పది రోజుల ముందే కొలిచి చూసినా!" అని అరిచాను.

అత్త సూది పక్కన పెట్టింది. "ఏందే?"

"వంకరగా వచ్చిందని తెలుసు. చెప్పలేదు."

"యాల సెప్పలేదు?"

"నువ్వు పోతావని."

కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె లేచిపోయి ముఖం కడుక్కుని వచ్చింది. చీర చెంగుతో తుడుచుకుంటూ నా ఎదురుగా కూర్చుంది.

"ఈడుండి నేనేం సెయ్యల్ల మే? నీకు జడేస్తా. సరే. రెండేండ్లకో మూడేండ్లకో నువ్వు పెండ్లి సేసుకోని పోతావు. ఆ పొద్దు నేనెవురికి జడెయ్యల్ల?"

తప్పు నాదేనని తెలుస్తూనే ఉంది, అయినా కోపం ఆమె మీదే వచ్చింది. ఆమె సూది మళ్ళీ చేతికి తీసుకుంది. నేనూ తీసుకున్నాను. చీకటి పడేదాకా విప్పుతూనే ఉన్నాం.

గుడ్డను కుంకుడు నురుగులో ఉతికి ఆరేస్తే సూది రంధ్రాలు చాలావరకు పూడాయి. మళ్ళీ మొదటినుంచి కుట్టడం మొదలైంది. కిరసనాయిలు రేషను కాబట్టి దీపం పెట్టి కుట్టే వీలు లేదు, పగలే కుట్టాలి. మా అమ్మ ఒక్క మాట అనకుండా అత్త పనులన్నీ తన మీద వేసుకుంది. గిన్నెలు మాత్రం గట్టిగా పెట్టేది. ఇప్పుడు రంగులతోపాటు నేను వరస కూడా చెప్పాలి. "ఇది రెండా, మూడా?" "మూడు." "ముందుది రెండేనా?" "రెండే అత్తా!" "బాగ సూసి సెప్పు." పద్దెనిమిది రోజులు ఇదే. కలలో కూడా రెండా మూడా అని వినపడేది. చివరికి తీగలు కాడకుట్టుతో, పువ్వుల నడుమ పుప్పొడి ముడికుట్టుతో పూర్తి చేసి కంచం బోర్లించింది. ఎటు చూసినా పూలు కంచం చుట్టూ ఒకే మేర బయటికి కనిపించాయి. జేజి చూసి, "ఊఁ" అంది. ఆమె నోట అదే ఎక్కువ.

గడువుకు ఒకరోజు ముందు ఎమ్మిగనూరు బడికి పోయాం. పెద్దపంతులమ్మ కోస్తా మనిషి, కళ్ళజోడు పెట్టుకుని ఉంది. గుడ్డను బల్ల మీద పరిచి టేపుతో అడ్డం కొలిచింది, నిలువు కొలిచింది, ఏటవాలుగా కూడా కొలిచింది. అన్నీ ఒకటే. తర్వాత ముక్కు గుడ్డకు ఆనించినంత దగ్గరగా చూసింది.

"ఏమండీ, కుట్టు ఒక వరస పొట్టిగా, ఒక వరస పొడుగ్గా ఉందేం?"

"గుడ్డ వంకరమ్మా. అందుకే కుట్టు గూడా వంకరగా కుట్టినా. రెండూ కలిసి సక్కగయినాయి" అంది అత్త.

ఆవిడ కళ్ళజోడు తీసి నవ్వింది. ఇంక నా పని అయిపోయింది. ఉద్యోగం వచ్చేసినట్లే.

"పని బాగుంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకున్నారా?"

"వద్దనలేదమ్మా."

"వద్దనకపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు. పోయిన సంవత్సరం ఒకామెను తీసుకున్నాం. నెల తిరక్కుండానే అన్నదమ్ములొచ్చి తీసుకుపోయారు. ఇంట్లోవాళ్ళ మాట లేకుండా ఈసారి ఎవర్నీ పెట్టుకోను."

పెద్దపంతులమ్మ నా వైపు తిరిగింది.

"నువ్వెవరమ్మా?"

"మేనకోడల్నండీ."

"మీ ఇంట్లో ఈమెను పంపిస్తారా? నిజం చెప్పు."

నిజం చెప్పాలంటే నాకు తెలియదు. నాన్నకూ తెలియదు, జేజికీ తెలియదు. "తెలియదండీ" అంటే చాలు, అది అబద్ధం కూడా కాదు. సాయంత్రం బస్సులో అత్త నాతోపాటు ఇంటికి వచ్చేస్తుంది. మళ్ళీ ఎప్పటిలాగే ఉంటాం. అత్త నా వైపు చూడలేదు. బల్ల మీది గుడ్డ తీసి మడత పెడుతోంది. ఆ మడత ఎంతకీ కుదరడం లేదు.

"పంపిస్తాం" అన్నాను. మాట పెదవి దాటిందో లేదో నాకే తెలియలేదు.

"ఏమిటీ?" అంది ఆవిడ.

"గట్టిగా సెప్పు మే," అంది అత్త, "నోట్లో ముద్ద పెట్టుకున్నట్లు మాట్లాడతావేం?"

ఎంత కోపం వచ్చిందో! ఆ ఒక్క మాట అనడానికి నాకు ప్రాణం పోయినంత పనయింది. అది కూడా ఈమెకు చాలలేదు, రెండోసారి కావాలి. లేచి నిలబడి, బయట ఆడుకుంటున్న పిల్లలు కూడా తిరిగి చూసేంత గట్టిగా అరిచాను.

"మా అత్తను మేము పంపిస్తాం!"

పెద్దపంతులమ్మ రిజిస్టరు తెరిచింది. అత్త తన చెంగుతో నా ముక్కు తుడిచింది, నొప్పి పుట్టేటట్లు.